కాలు, అర, ముక్కాలు

భిన్నం అనే మాటకి మన భాషలో మొదటినుంచీ మంచి పేరు లేదు. విగ్రహం భిన్నమైతే పూజకి పనికిరాదు. అభిప్రాయాలు భిన్నమైతే కాపరంలో కలతలు. ఇక నాలుగో అయిదో తరగతి చదివే పిల్లలున్న ఇంట్లో సాయంత్రం పూట ఈ మాట వినపడిందంటే పిల్లలకి కడుపునొప్పి, తల్లులకి తలనొప్పి, తండ్రులకి బజారులో అర్జంటు పని! ఎనిమిదో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే పిల్లవాడు తడుముకోకుండా ఎనిమిదో వంతే పెద్దదంటాడు. వాడి తప్పేముంది? నాలుగుకన్నా ఎనిమిది పెద్దదని వాడికి నేర్పింది మనమే కదా!

నేను చదివింది ఆర్ట్సు. నవలలు రాసుకునేదాన్ని. లెక్కల జోలికి నీకెందుకమ్మా అని మీరనవచ్చు. లెక్కలు నా విషయం కాకపోయినా మాటలు నా విషయమే. పాత మాటల వెంట పడి పోతూంటే అవి ఒక్కొక్కసారి మనం అనుకోని వాకిళ్ళలోకి తీసుకుపోతాయి. 'పదో పరకో' అంటాం. 'వీసమెత్తు తేడా లేదు' అంటాం. 'కానీకి కొరగాడు' అంటాం. చక్కగా ముస్తాబైన పిల్లని చూసి 'పదహారణాల తెలుగుపిల్ల' అని మురిసిపోతాం. ఇవన్నీ ఏమిటనుకున్నారు? లెక్కలే! మనం రోజూ నోటితో చెబుతూ, పుస్తకంలో కనపడగానే గుర్తుపట్టలేని భిన్నాలే.

మన పూర్వులు ఒకటిని పది ముక్కలు చేసేవారు కాదు, నాలుగు ముక్కలు చేసేవారు. నాలుగో వంతు 'కాలు'. రెండు కాళ్ళయితే 'అర'. మూడయితే 'ముక్కాలు'. కాలుని మళ్ళీ నాలుగు చేస్తే ఒక్కో ముక్క 'వీసం', అంటే పదహారో వంతు. రెండు వీసాలు 'పరక'. మూడు వీసాలు 'మువ్వీసం'. వీసాన్ని మళ్ళీ నాలుగు చేస్తే 'కాని', అరవై నాలుగో వంతు. రెండు కానులు 'అరవీసం', మూడు కానులు 'ముక్కాని'. వీటికి గుర్తులు కూడా ఎంత తేలికో చూడండి. కాళ్ళకి నిలువు గీతలు: ఒకటి, రెండు, మూడు. వీసాలకి అడ్డగీతలు: ఒకటి, రెండు, మూడు. కానులకి మళ్ళీ నిలువు గీతలు. ఒక మెట్టు నిలువు, ఒక మెట్టు అడ్డం. ఇసకలో వేలితో గీయడానికి ఇంతకంటె సులువైనవి ఉండవు. మనం మరిచిపోయిన ఈ గుర్తులకి 2008లో కంప్యూటర్ల అక్షరాల పట్టికలో చోటు దొరికింది. ఇంట్లోంచి వెళ్ళిపోయినవాళ్ళకి పరాయిచోట పీట వేశారన్నమాట.

'కాలు' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నాలుగు కాళ్ళ మీద నిలబడే ఆవుకి ఒక కాలు నాలుగో వంతు కాక మరేమిటి? సంస్కృతంలో 'పాదం' కూడా అంతే, అడుగూ అదే, నాలుగో వంతూ అదే. పద్యానికి నాలుగు పాదాలు. ధర్మదేవత కృతయుగంలో నాలుగు పాదాల మీద నడిచింది, త్రేతలో మూడు, ద్వాపరంలో రెండు, కలిలో ఒంటికాలి మీద కుంటుతోంది అని పురాణం చెప్పేవారు చెబితే, పలక పట్టని ముసలమ్మకి కూడా ఒకటి, ముప్పావు, అర, పావు కళ్ళ ముందు నడిచిపోయేవి. అంటే మన భాషలో భిన్నం పుట్టడమే నడకతో పుట్టింది. కాయితం మీద కూర్చోబెట్టింది తరవాతి కాలం.

ఇంకో విశేషం. ఈ పేర్లలో ఎక్కడా నాలుగు, ఎనిమిది, పదహారు అనే అంకెలు లేవు. అందుకని ఎనిమిది పెద్దదా నాలుగు పెద్దదా అనే పేచీయే లేదు. పరక ఒక ముక్క, కాలు ఒక ముక్క. పరక చిన్నది, కాలు పెద్దది. పిల్లిపిల్ల చిన్నది, ఆవుదూడ పెద్దది అన్నంత సహజంగా తెలిసిపోయేది.

అయితే ఇవి పిల్లలకి ఎలా నేర్పేవారు? దీనికి సాక్ష్యం మన జిల్లాలో కాదు, బళ్ళారిలో దొరుకుతుంది. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ఒక్కొక్క జిల్లాలో ఎన్ని బడులున్నాయి, పిల్లలెందరు అని కలెక్టర్లందరినీ లెక్కలు పంపమన్నాడు. మన విశాఖపట్నం జిల్లాలో 914 బడులు తేలాయి. అనకాపల్లి అప్పుడు ఆ జిల్లాలోదే, 2022లో తన పేరుతో జిల్లా వచ్చేదాకా అందులోనే ఉంది. కొందరు కలెక్టర్లు పట్టికలు నింపి ఊరుకున్నారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మాత్రం అలా ఊరుకోలేదు. ఆయనకి తెలుగు వచ్చు. 1816లో తెలుగు వ్యాకరణం, తరవాత నిఘంటువు అచ్చువేసిన మనిషి. 1823 ఆగస్టులో ఆయన రాసిన నివేదిక చదువుతూంటే వీధి అరుగు మీద బడి కళ్ళకి కడుతుంది. ఇప్పటి అనంతపురం అప్పట్లో బళ్ళారి జిల్లాలో భాగం. అక్కడి 533 బడుల్లో 226 తెలుగు బడులే. కనక ఇది మనవాళ్ళ కథే.

అయిదేళ్ళు నిండగానే పిల్లవాడు బడికి వస్తాడు. తెల్లవారి ఆరింటికే బడి. అందరికంటె ముందొచ్చినవాడి అరచేతిలో మర్యాదగా సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి బెత్తంతో ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, తరవాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. సంఖ్యల వరస చేతికే తెలిసిపోయేదన్నమాట! ఆ తరవాత ఇసకలో వేలితో అక్షరాలు దిద్దడం. అక్షరాలూ, గుణింతాలూ, ఊళ్ళపేర్లూ అయ్యాక కూడికలు, తీసివేతలు, డబ్బు లెక్కలు. అప్పుడు వస్తాయి భిన్నాలు. వీటి మీద అయ్యవార్లు చాలా శ్రద్ధ పెడతారనీ, ఇవి తమ దేశపు పద్ధతిలాగ పదులుగా కాక నాలుగులుగా దిగుతూ చాలా దూరం పోతాయనీ కాంప్‌బెల్ వివరంగా రాశాడు. ఈ భిన్నాలూ, ఎక్కాలూ, కొలతల పట్టికలూ బాగా వంటబట్టడానికి రోజుకి రెండుసార్లు పిల్లలందరినీ వరసగా నిలబెట్టేవారట. పెద్ద విద్యార్థి ఒకడు ముందు చెబుతుంటే మిగిలినవాళ్ళు వెనక చెప్పాలి.

'వంటబట్టడం' అంటే ఏమిటి? ఒంటికి పట్టడం. మన భాషలో చదువు తలకెక్కడం ఒకటి, ఒంటబట్టడం ఒకటి. మొదటిది పరీక్ష దాకా, రెండోది కాటి దాకా. బడికి సగటున పన్నెండు మంది పిల్లలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లేచి నిలబడి, గొంతులు కలిపి, కాలూ అరా ముక్కాలూ అని మెట్లు దిగుతూ పోయారంటే, ఏడాది తిరిగేసరికి అది వాళ్ళ ఊపిరిలో కలిసిపోదూ!

ఆ మెట్లు గాలిలో మేడలు కూడా కావు. తరవాతి కాలంలో రూపాయి మనిషి చేతికి వచ్చాక ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్క నాణెం దొరికింది. రూపాయిలో కాలు పావలా. పావలాలో నాలుగో వంతు అణా, అదే వీసం. రెండణాలు బేడ, అదే పరక. అణాలో నాలుగో వంతు కానీ. అర్ధణా అరవీసం. పిల్లవాడు బడిలో ఏ వరస చెప్పాడో బజారులో అదే వరస జేబులోంచి తీసి ఇచ్చాడు. మీ అరచెయ్యి ఒకసారి చూసుకోండి. బొటనవేలు తీసేస్తే నాలుగు వేళ్ళు. వేలికి మూడు కణుపులు, కొస ఒకటి. నాలుగు నాలుగులు పదహారు. బొటనవేలుతో ఒక్కొక్క కణుపూ తాకుతూ పోతే రూపాయి మొత్తం మీ చేతిలో ఉంటుంది. వేలు పావలా, కణుపు అణా.

ఈ పద్ధతికి ఇబ్బంది లేకపోలేదు. నాలుగులుగా విరుచుకుంటూ పోతే మూడో వంతు ఎన్నటికీ తెగదు. ముగ్గురన్నదమ్ములు ఒక రూపాయి పంచుకోవాలంటే తలా అయిదణాలిచ్చాక అణా ఒకటి మిగిలిపోతుంది. అందుకే అణాని పన్నెండు దమ్మిడీలు చేశారు. అప్పుడు తలా అయిదణాల నాలుగు దమ్మిడీలు. తగవు తీరిపోయింది. రూపాయికి 192 దమ్మిడీలేమిటి, ఇదేం లెక్క అని ఈకాలం పిల్లలు నవ్వుతారు గాని, రెండుకి, మూడుకి, నాలుగుకి, ఆరుకి, ఎనిమిదికి, పదహారుకి మిగలకుండా తెగే సంఖ్య అది. నూరు మూడుకి తెగదు.

పాతది కనక అంతా బంగారమని నేననను. ఆ నివేదికలోనే బడిలోని శిక్షలూ ఉన్నాయి. సోమరిపిల్లవాణ్ణి కొట్టేవారు. రెండు చేతులూ కట్టి ఇంటికప్పుకి వేలాడదీసేవారు. మన పెద్దవాళ్ళు కథలుగా చెప్పే 'కోదండం' అదే. లేకపోతే ఆపకుండా మోకాళ్ళ మీద కూర్చుని లేవమనేవారు. అంటే ఒళ్ళు కదపడం చదువుకీ వాడారు, శిక్షకీ వాడారు. పిల్లలు చాలావరకు అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారని కూడా కాంప్‌బెల్ బాధపడ్డాడు. నిజమే అయివుండాలి. వరసలో నిలబడి చెప్పించడం ఒక సగం. ఆ చెప్పింది చేతితో కొలిచి చూడడం రెండో సగం. ఈ రెండో సగం బడిలో కాదు, ఇళ్ళలో జరిగింది. అదెవరు చేశారో చెప్పాలంటే ఆ నివేదికలోని ఒక చిన్న అంకె చెప్పాలి.

533 బడుల్లోనూ కలిపి పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు అరవై మంది.

ఆ అంకె చూసి నేను పాత లెక్కలోనే కొలిచి చూశాను. 6,641లో అరవై అంటే నూటపదో వంతు. కాని అరవై నాలుగో వంతు. అందులో సగం నూట ఇరవై ఎనిమిదో వంతు. అంటే మన ఆడపిల్లల వాటా కానీకన్నా తక్కువ, అరకానీకన్నా కాస్త ఎక్కువ. కానీకి కొరగాదన్నమాట ఎవరినైనా అనొచ్చుగాని, ఇంత కొలిచినట్టుగా ఎవరినీ అనలేదేమో!

మరి మిగిలిన ఆడపిల్లలకి భిన్నాలు రాలేదా? రాకపోతే ఇల్లు గడిచేదా? పాత ఇంటి అటక మీద చూడండి. గిద్దె, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం ఒకదానిలో ఒకటి దూరి కూర్చుని ఉంటాయి. నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. కొలత ఊరూరికీ కొంచెం అటూ ఇటూ అయినా వరస ఇది. కుంచంలో కాలు మానిక, మానికలో కాలు సోల, సోలలో కాలు గిద్దె. మళ్ళీ నాలుగులే! బియ్యం కొలిచే అత్తగారు పట్టికలు వల్లించలేదు. ఆమె చెయ్యి వంగి, లేచి, ఒంపి, గీత కొట్టి లెక్క కట్టింది. "అయిదుగురికి రెండు తవ్వలు, ఇద్దరు చుట్టాలొచ్చారు, ఇంకో సోల పొయ్యి" అన్న కోడలు చేసింది భిన్నాల కూడిక కాక మరేమిటి?

అనకాపల్లిలో అయితే బెల్లం ఉంది. చెరకు పరిశోధనకి 1913లోనే కేంద్రం వెలసిన ప్రాంతం ఇది. దేశంలో పేరుపడ్డ బెల్లం మార్కెట్లలో మాదొకటి. కలాసీలు దిమ్మలు దింపుతూంటే, పాకం వాసన దారిపొడుగునా వస్తుంది. కిలోలు రాకముందు బెల్లాన్ని మణుగులూ వీశెల్లో తూచేవారు. మణుగుకి ఎనిమిది వీశెలు. వీశె అంటే ఇప్పటి కిలో నాలుగువందల గ్రాములు. అందులో సగం అరవీశె, దానిలో సగం పదలం, దానిలో సగం ఏబలం. పది పలాలు పదలం, అయిదు పలాలు ఏబలం. పేరు వింటేనే బరువు తెలుస్తుంది. ఈమధ్య మా వీధి చివర దుకాణంలో కిలో బెల్లంముక్క కొడుతున్న ఆవిడని, పావుకిలో కంటితోనే ఎలా కొడతావని అడిగాను. "ఏటుందమ్మా ఇందులో? సగం సెయ్, ఆ సగాన్ని మల్లీ సగం సెయ్, అయిపోనాది!" అంది. తక్కెడలో వేస్తే ముల్లు వీసమెత్తు కదిలింది. పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. ఆయన దానికి మూలం తీసుకున్న మహావీరాచార్యులు తొమ్మిదో శతాబ్దంలోనే భిన్నాలకి ఒక అధ్యాయమంతా కేటాయించాడు. ఆ అధ్యాయం ఆవిడ చదవలేదు. చదవాలన్న దిగులూ ఆవిడ మొహంలో కనపడలేదు.

కొలతకి గిన్నే తక్కెడా లేకపోయినా ఒళ్ళు ఉంది. నాలుగు వేళ్ళు బెత్తెడు. మూడు బెత్తెలు జానెడు. రెండు జానలు మూర. నాలుగు మూరలు బార. మల్లెపూలు మూర వేసే అమ్మాయి మోచేతినుంచి వేలికొస దాకా దండ చాపుతుంది. ఆరేళ్ళ మనవరాలి మూర వేరు, మామ్మ మూర వేరు. అయితే ఎవరి చేతికి వారి రెండు జానలే మూర. భిన్నంలోని రహస్యమంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. సగం అంటే ఇంత అని కాదు. దేనిలో సగం అన్నదే అసలు ప్రశ్న. కాయితం మీద నూరుసార్లు చెప్పినా ఎక్కని ఈ మాట, మామ్మా మనవరాలూ పక్కపక్కన చేతులు చాపితే క్షణంలో ఎక్కుతుంది.

సంగీతం నేర్చుకున్న వాళ్ళు మీలో చాలామంది ఉంటారు. సరళీస్వరాలు మూడు కాలాల్లో పాడించారు కదూ? చెయ్యి వేసే దెబ్బ మారదు. మొదటి కాలంలో దెబ్బకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. ఒకటి, అర, కాలు! తొడ మీద తాళం వేస్తూ మీరు కూడా భిన్నాలు పాడారు, ఎవరూ మీకు చెప్పలేదంతే. తిస్రగతిలో మూడు, ఖండంలో అయిదు, మిశ్రంలో ఏడు, నాలుగులకి లొంగని వంతులు కూడా తాళానికి లొంగుతాయి. ఈ విద్యకి పరాకాష్ఠ మన ఉత్తరాంధ్రలోనే ఉంది. ఆదిభట్ల నారాయణదాసుగారు 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టినప్పుడు దానికి మొదటి ప్రిన్సిపాలు. రెండు కాళ్ళు, రెండు చేతులు, తల, అయిదింటితో అయిదు వేరువేరు తాళాలు నడిపేవారని ప్రసిద్ధి. ఒకే కాలాన్ని అయిదు రకాలుగా విరిచి, ఏ ముక్కా ఒలికిపోకుండా మళ్ళీ ఒక్కచోటికి తెచ్చారంటే ఆ ఒళ్ళంతా లెక్కే కదా! మన పల్లెల్లో తప్పెటగుళ్ళ ఆటగాళ్ళు అడుగుకీ అడుగుకీ మధ్య ఇంకో రెండడుగులు ఇరికించినప్పుడు కూడా జరిగేది ఇదే.

ఈ వీధిబడి పద్ధతి సముద్రాలు కూడా దాటింది. ఆండ్రూ బెల్ అనే దొర 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర ఆశ్రమానికి పెద్దగా చేరాడు. ఇసకలో వేలితో రాసే పిల్లల్ని చూసి, పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పే పద్ధతి తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరొచ్చింది. మన బడులనుంచి ఇంగ్లండు తీసుకున్న ఈ పద్ధతి అందుకు తగినదేనని కాంప్‌బెల్ కూడా ఒప్పుకున్నాడు. నూటయాభై ఏళ్ళ తరవాత ఎదురుదిశలో ఒక చదువు వచ్చింది. 1939లో మేరియా మాంటిసోరీ మద్రాసు అడయారు వచ్చింది. ఇంతలో యుద్ధం. ఆవిడ ఇటలీ మనిషి కావడంతో యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండిపోయి, టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ముక్కలుగా విడదీసిన లోహపు వృత్తాలు పిల్లల చేతికిచ్చి, తీసి, పెట్టి, పోల్చి చూడమని భిన్నాలు నేర్పిన మనిషి ఆవిడ. పిల్లల చేతులు కదలకుండా బుద్ధి కదలదని ఆవిడ నమ్మకం. సోలలో గిద్దె దూర్చి ఆడుకున్న మన పిల్లలకి ఆ వృత్తాలు దూరపు చుట్టాలే.

ఇంతలో 1957 ఏప్రిల్ 1 వచ్చింది. రూపాయికి నూరు నయాపైసలయ్యాయి. లెక్క సులువైంది, కాదనలేం. కాని నాలుగుల మెట్లు మధ్యలో విరిగాయి. పావలాకి పాతిక పైసలు సరే, బేడకి పన్నెండున్నర, అణాకి ఆరుంపావు! ఆరుంపావు పైసలు ఎవరి దగ్గరున్నాయి? ప్రభుత్వంవారి మార్పు పట్టికలో ఒక అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, నాలుగణాలకి 25 అని రాశారు. అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొంటే ఇరవై నాలుగు, ఒక్కసారి కొంటే ఇరవై అయిదు. ఆ పట్టిక పట్టుకుని మా మామ్మ కూరలమ్మే ఆమెతో ఏడాదిపాటు యుద్ధం చేసిందని ఇంట్లో చెప్పుకునేవారు. 1962కల్లా వీశెలూ సోలలూ పోయి కిలోలూ లీటర్లూ వచ్చాయి. పావలా మాత్రం ఎలాగో బతికి, 2011 జూన్ 30తో అదీ చెల్లకుండా పోయింది. 'కాలు'కి మిగిలిన ఆఖరి నాణెం అది.

ఇప్పుడు పిల్లలకి భిన్నం అంటే అడ్డగీతకి పైన ఒక అంకె, కింద ఒక అంకె. దాన్ని మొయ్యడానికి నాణెం లేదు, గిన్నె లేదు, వేలు లేదు. కూడమంటే పైవి పైన, కిందవి కింద కూడేస్తారు. మూడో వంతూ నాలుగో వంతూ కలిపితే ఎంత అంటే ఏడింట రెండు! మా ఎదురింటి అయిదో తరగతి అమ్మాయి ఇలాగే రాసి, ఎర్రసిరా చూసి, "నాకు లెక్కలు రావత్తా" అంటూ మా అరుగు మీద కూర్చుంది. పదేళ్ళు నిండని పిల్ల నోట ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండింది. ఆ అరవైమంది గుర్తొచ్చారు. ముగ్గుపిండి తెచ్చి వాకిట్లో పొడుగ్గా గీత గీశాను. "నీ అడుగులతో, మడమకి వేలు తాకిస్తూ పన్నెండు అడుగులు నడిచి, అడుగు అడుగుకీ చుక్క పెట్టు. మొత్తం గీత ఒకటి" అన్నాను.

నడిచింది. చుక్కలు పెట్టింది. "గీతని ముగ్గురికి పంచు" అంటే కాసేపు చూసి నాలుగో చుక్క దగ్గర నిలబడింది. నలుగురికి పంచమంటే మూడో చుక్క దగ్గరకొచ్చింది. "నాలుగో వంతు వెనకపడిందే!" అని తనే ఆశ్చర్యపోయింది. నలుగురికి పంచితే ఎవరికైనా తక్కువే వస్తుంది మరి. "ఇప్పుడు మూడో వంతు నడిచి, అక్కడినుంచి నాలుగో వంతు నడు" అన్నాను. నాలుగూ మూడూ ఏడడుగులు! పన్నెండింట ఏడు. ఏడడుగులు నడిచావు గనక ఈ లెక్క ఇక నిన్ను జన్మలో వదలదే అన్నాను. దానికి ఆ పరాచికం అర్థం కాలేదు గాని లెక్క అర్థమైంది. సగం ఆరో చుక్క దగ్గరుంటే ఏడింట రెండు దాటి ఇంత దూరం ఎలా వచ్చానని తన పుస్తకాన్ని తనే కోప్పడింది.

ఇంతలో దాని తమ్ముడు వచ్చి పక్కన ఇంకో గీత గీయమన్నాడు. వాడి పాదాలు చిన్నవి, పన్నెండు అడుగులూ అక్క గీతలో ముప్పావు దగ్గరే అయిపోయాయి. అయినా వాడి ఏడో చుక్క వాడి సగానికి ఒక్కడుగు అవతలే ఉంది. జానా మూరా కథే! చివరికి ఆ పిల్ల అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "మరి అయిదో వంతు ఎక్కడ నిలబడాలత్తా?" పన్నెండు చుక్కల్లో అయిదో వంతుకి చోటు లేదు. రెండో చుక్కకీ మూడో చుక్కకీ మధ్య ఒంటికాలి మీద తూగి, కాసేపు ఆలోచించి, "ఈ చుక్కలు చాలవు. మధ్యలో ఇంకా చుక్కలు పెట్టాలి" అంది. అణాని పన్నెండు దమ్మిడీలు చేసినవాడికి తట్టింది కూడా ఈ మాటే. పెద్దక్లాసుల్లో దీన్ని కనిష్ఠ సామాన్య గుణిజం అని భయపెడతారు.

ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు. ముగ్గూ మనదే, తొక్కుడుబిళ్ళా మనదే, అడుగూ మనదే. వీశెలూ దమ్మిడీలూ తిరిగి రానక్కర్లేదు. పిల్లలు కొలిచి, విరిచి, పోసి, నడిచి చూసే ఆ అలవాటు మాత్రం వాటితోపాటు పోనక్కర్లేదు. ఇడ్లీపిండికి ఒక గ్లాసు పప్పుకి మూడు గ్లాసుల రవ్వ పోసే పని ఈసారి పిల్లకి అప్పగించండి. మొత్తంలో పప్పు ఎన్నో వంతని అడగండి. మూడో వంతంటే తిట్టకండి. నాలుగు గ్లాసులూ బల్ల మీద వరసగా పెట్టించండి, అదే చెబుతుంది.

మా మామ్మ జీవితమంతా కుంచాలూ మానికలూ కొలిచింది. పాడికీ పంటకీ, పెళ్ళికీ తద్దినానికీ ఒక్క గిద్దె తేడా రానివ్వలేదు. ఎవరైనా అడిగితే మాత్రం "నాకు లెక్కలేం వచ్చే? నేనేమైనా చదువుకున్నానా?" అనేది. బడిలో చెప్పింది లెక్క, ఇంట్లో చేసింది పని అని ఆవిడకి ఎవరు నేర్పారో, చాలా బాగా నేర్పారు. ఆ ఒక్క పాఠం మన పిల్లలకి అందకుండా చూడాలి. 'నాకు లెక్కలు రావు' అని ఆడపిల్ల పుస్తకం ముందు ముడుచుక్కూర్చుంటే, ముందు లేచి నిలబడమనండి. రెండువందల ఏళ్ళ కిందట కూడా భిన్నాలకి పిల్లలు లేచే నిలబడ్డారు. ఆ వరసలో అప్పుడు చోటు దొరకనివాళ్ళు ఈసారి ముందు నిలబడాలి.